అద్దాలు ఎక్కించిన కారు

ఆ వీధి పిల్లలు ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లు పెద్దవాళ్లై ఉద్యోగాల్లో కూడా చేరారు గానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. రక్తపరీక్షల ల్యాబులో పని ఆమెది. పొద్దున ఆరుకల్లా కారు తీసి, మంచం దిగలేనివాళ్ల ఇళ్లకూ, ల్యాబు దాకా రాలేని ముసలివాళ్ల ఇళ్లకూ వెళ్లి, రక్తం తీసి, గొట్టాల మీద పేర్లు అతికించి, ఐసుపెట్టెలో సర్దుకుని తొమ్మిదిన్నరకు ల్యాబులో అప్పజెప్పాలి. తర్వాత కారు ఇంటికి తెచ్చి పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టి, భోజనం చేసి, ఒంటిగంటకు నడిచి మళ్లీ ల్యాబుకు వెళ్లేది. అక్కడ కారు పెట్టుకోవడానికి చోటు లేదు.

భర్తది రైల్వే సిగ్నళ్ల పని. వారంలో ఐదు రోజులు ఊళ్ల మీదే ఉంటాడు. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. కాబట్టి మామూలు రోజుల్లో ఇంట్లో ఉండేది ముగ్గురే. సూదమ్మ, అత్తయ్య, మావయ్య.

మావయ్య ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపాడు. అన్నేళ్లలో ఒక్క కోడిపిల్ల కూడా ఆయన చక్రం కింద పడలేదని చెప్పుకుంటారు. రిటైరయ్యాక ఇంటి కారు కూడా ఆయనే నడిపేవాడు. రెండేళ్ల క్రితం కంటి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పాడు. లైసెన్సు గడువు తీరితే మళ్లీ రాయించుకోలేదు. కారు తాళం కోడలి చేతిలో పెట్టి, "ఇక నాకూ దీనికీ సంబంధం లేదమ్మాయ్" అన్నాడు. అన్న మాట ప్రకారం షెడ్డులోంచి గేటు దాకా కూడా ఎప్పుడూ కారు కదపలేదు.

సంబంధం లేదన్నాడు గానీ సలహాలు మానలేదు. రోజూ పొద్దున్నే భుజాన తువ్వాలుతో గేటు దగ్గర నిలబడేవాడు.

"ముందు ఇంజను. ఆ తర్వాత ఏసీ. దిగేటప్పుడు ముందు ఏసీ. ఆ తర్వాత ఇంజను. అర్థమైందా?"

"అర్థమైంది మావయ్యా."

"ఇంజను ఆపి ఫ్యాను తిప్పుకుంటూ కూర్చుంటే బ్యాటరీ రక్తం తాగినట్టే."

రక్తం మాట ఆమెకు చురుక్కున తగిలేది. ఎందుకంటే ఆయన అన్న తప్పులన్నీ ఆమె చేస్తూనే ఉంది. ఒక ఇంటి ముందు ఆపడం, ఇంజను ఆపడం, తాళం మాత్రం సగం తిప్పి ఉంచి, ఆ కాస్త గాలిలో కూర్చుని గొట్టాలకు పేర్లు రాసుకోవడం. చెమట చేత్తో రాస్తే సిరా పాకుతుంది. ఒకరి పేరు ఇంకొకరి పేరులా కనిపిస్తే కొంప మునుగుతుంది. పేర్లు రాశాక మళ్లీ ఇంజను వేసి, ఏసీ పెంచి, ఇంకో రెండు సందులు తిరిగి, మళ్లీ ఆపేది. పొద్దున్న పన్నెండు ఇళ్లయితే పన్నెండుసార్లూ ఇదే తంతు.

ఎండలు ముదిరిన నెలలో ఒక పొద్దున కారు స్టార్టవలేదు. తాళం తిప్పితే లోపల ఎవరో పళ్లు కొరికినట్టు టకటకా చప్పుడు, అంతే. వీధి చివర బ్యాటరీ కొట్టు పెట్టుకున్న మేస్త్రి వైర్లు తెచ్చి తగిలించి కారు లేపాడు. నెలన్నర తిరక్కుండానే మళ్లీ అదే కథ. పాతదై పోయిందనుకుని కొత్త బ్యాటరీ వేయించారు. కొత్తది మూడు నెలలకే నీరసించింది.

మేస్త్రి బానెట్ ఎత్తి మీటరు పెట్టి చాలాసేపు చూశాడు. మాట తక్కువ మనిషి. ఏదైనా చెప్పే ముందు చేతులు తుడుచుకోవడం ఆయన అలవాటు.

"డైనమో బాగానే ఉంది. ఎక్కడా లీకేజీ లేదు. బ్యాటరీ నేనే వేశాను, అది కూడా మంచిదే." చేతులు తుడుచుకున్నాడు. "ఇది రోగం కాదమ్మా. అలవాటు."

"ఎవరి అలవాటు?"

"నడిపేవాళ్లదే. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ కొంత ఇస్తుంది. ఇచ్చింది తిరిగి రావాలంటే కారు కాసేపు ఆగకుండా నడవాలి. మీరు రెండు సందులకోసారి ఆపుతారు. పైన ఏసీ. ఇంజను ఆపాక కూడా ఫ్యాను. తీసుకోవడమే గానీ పెట్టడం లేదు. దానికి తోడు ఈ ఎండ. బ్యాటరీకి చలికంటే వేడే పెద్ద శత్రువు."

గేటు దగ్గర మావయ్య గొంతు సవరించుకున్నాడు. "నేను చెబుతూనే ఉన్నాను" అని మాత్రం అనలేదు.

మర్నాటి నుంచి సూదమ్మ ఏసీ మానేసింది. అద్దాలు దించి నడిపింది. పేర్లు రోగుల ఇళ్ల వరండాల్లో కూర్చుని రాసుకుంది. ఇంటికొచ్చేసరికి జాకెట్టు పిండితే నీళ్లు కారేలా ఉండేది. మావయ్య చూసి "అదీ పద్ధతి" అన్నాడు. ఇరవై రోజులు గడిచాయి. ఇరవై ఒకటో రోజు పొద్దున కారు మళ్లీ పళ్లు కొరికింది.

ఈసారి మేస్త్రి కూడా తల గోక్కున్నాడు. జేబులోంచి బొటనవేలంత మీటరు తీసి ఇచ్చాడు. సిగరెట్ లైటరు రంధ్రంలో గుచ్చితే బ్యాటరీలో ఎంత ఉందో అంకె చూపిస్తుంది.

"కారు పెట్టేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి చూసి రాసుకోండి. వారం తర్వాత చెప్పండి."

ఇది సూదమ్మకు కొట్టిన పిండి. తినకముందు ఒక పరీక్ష, తిన్నాక ఒక పరీక్ష. ల్యాబులో రోజూ చేసే పనే. కారు పెట్టినప్పుడు, ఒంటిగంటకు బయల్దేరే ముందు, సాయంత్రం ఆరింటికి వచ్చాక, పొద్దున తీసేముందు, నాలుగు పూటలా అంకెలు రాసింది. నాలుగు రోజులకే విషయం తెలిసిపోయింది. రాత్రంతా అంకె కదలడం లేదు. పొద్దుటి తిరుగుడుకు పెద్దగా తేడా లేదు. తగ్గుతున్నదల్లా మధ్యాహ్నం ఒంటిగంటకూ సాయంత్రం ఆరింటికీ మధ్యే.

ఆ వేళ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఉప్పూ నిప్పూ. సూదమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఇలా లేరు గానీ గత పన్నెండేళ్లుగా వాళ్ల మాటలన్నీ కోడలి మీదుగానే నడుస్తున్నాయి. "భోజనానికి రమ్మని మీ మావయ్యతో చెప్పు." "ఇప్పుడు ఆకలి లేదని మీ అత్తయ్యతో చెప్పు." ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, ఆమె మధ్యలో తపాలా మోస్తుంది. నేరుగా మాట్లాడుకున్న రోజున గొడవే. అత్తయ్య అరుస్తుంది, ఆయన విసురుగా లేచి బయటికి పోతాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సూదమ్మకు పట్టుకోవాలని కూడా లేదు. అత్తయ్యకు కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలీదు. ఇక మావయ్య. ఏసీ గురించి వీధందరికీ పాఠాలు చెప్పే మనిషి, ఆయనే అంటే ఎవరు నమ్ముతారు?

వారం తిరిగేలోపు ఒక మధ్యాహ్నం ల్యాబులో రక్తం తిప్పే యంత్రం పాడైంది. రేపటి దాకా పని లేదు, వెళ్లిపొమ్మన్నారు. మూడున్నరకు ఆమె ఇంటి సందులోకి తిరిగింది. ఎండకు వీధి నిర్మానుష్యంగా ఉంది. గేటు తీయబోతూ షెడ్డు వైపు చూసి ఆగిపోయింది.

కారు అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. లోపల ఇద్దరున్నారు. మావయ్య ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు వెనక కూర్చున్నది అత్తయ్య.

ఇంజను చప్పుడు లేదు. ముందు అద్దం మీద ఎండుటాకు ఒకటి లోపలి ఫ్యాను అదురుకు కాబోలు సన్నగా వణుకుతోంది. అత్తయ్య ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, రెండో చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతోంది. మావయ్య ఆమె వైపు తల వంచి వింటున్నాడు. మధ్యలో ఆయన ఏదో అన్నాడు. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఇద్దరి మధ్యా ఫ్లాస్కు, రెండు గ్లాసులు ఉన్నాయి.

ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లయింది. అత్తయ్య అలా నవ్వగా సూదమ్మ చూడలేదు. గేటు చప్పుడు కాకుండా వదిలేసి వెనక్కి తిరిగింది. వీధి చివర చెట్టు నీడలో ఐదున్నర దాకా కూర్చుంది. మేస్త్రి కొట్లోంచి చూసి, "ఏమ్మా, ఎండదెబ్బా?" అని అడిగాడు.

"కాదు. ల్యాబులో పని లేదు."

"మరి ఇంటికెళ్లొచ్చుగా?"

"వెళ్తాను" అంది, కదల్లేదు.

అడగాలా, వద్దా? అడిగితే మావయ్య పరువు ఏమవుతుంది? కంచే చేను మేసిందని వీధంతా నవ్వదూ? పోనీ అత్తయ్యను అడిగితే? ఆ నవ్వు అక్కడితో ఆగిపోతుందేమో. ఆమె ఊరుకుంది. ఊరుకోవడమే మంచితనమనుకుంది. బ్యాటరీ పోతే వైర్లున్నాయి, మేస్త్రి ఉన్నాడు, వీధి చివరే కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆరో రోజు పొద్దున కారు లేవలేదు. మేస్త్రి కొట్టు మూసి ఉంది. ఏదో పెళ్లికి వెళ్లాడట. ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆటో దొరికేసరికి ఏడుంబావు అయింది. ఆ రోజు మొదటి ఇల్లు ఒక రిటైరైన లెక్కల మాస్టారిది. చక్కెర జబ్బు మనిషి. పరగడుపున రక్తం ఇవ్వాలి కాబట్టి రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ తినలేదు. ఆరున్నరకు రావలసిన సూదమ్మ కోసం ఏడున్నర దాకా చూశాడు. కూతురు ఒక బిస్కెట్టయినా తినమని బతిమాలినా, "సూదమ్మ వద్దంది, వస్తుందిలే" అన్నాడట. మొహం కడుక్కుందామని లేచి, కళ్లు తిరిగి, సింకు అంచు మీద పడ్డాడు.

ఆమె వెళ్లేసరికి నుదుటికి గుడ్డ కట్టి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. గడప దగ్గర రక్తపు చుక్కలు. రోజూ రక్తం చూసే మనిషే ఆ చుక్కలను దాటలేక గడప బయటే ఆగిపోయింది. మాస్టారి కూతురు పల్లెత్తు మాట అనలేదు. "మీరు టైముకు వస్తారని ఆయన నమ్మకం" అని మాత్రం అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సూదమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరినీ ఏమీ అనలేదు. కారు లేవలేదని, మాస్టారు పడ్డాడని, నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయని, ప్రాణానికి భయం లేదని చెప్పింది. అత్తయ్య చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. మావయ్య అత్తయ్య మొహం చూశాడు.

"ఏమంటోంది?"

అత్తయ్య ఆయన కుడి పక్కకు వచ్చి గట్టిగా చెప్పింది. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఆ బ్యాటరీ తాగింది నేనమ్మాయ్. రోజూ మధ్యాహ్నం నేనే కూర్చుంటున్నాను."

"నాకు తెలుసు మావయ్యా" అని సూదమ్మ కూడా గట్టిగానే అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆరు రోజుల నుంచి."

ఆయన తడిచెయ్యి తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"నేను చేసింది తప్పు. నువ్వు చేసింది కూడా తప్పే. బ్రేకు పట్టడం లేదని తెలిసీ ఊరుకున్నవాడు, బండి నడిపినవాడితో సమానం. నా మొహం చూసి ఊరుకున్నావు. ఆ మాస్టారి మొహం ఎవరు చూస్తారు?"

ఆయన మాటల్లో ఒక్కటి కూడా కాదనడానికి లేదు.

మావయ్య చెప్పులేసుకుని ఎండలోనే బయల్దేరాడు. కళ్లు సరిగా ఆనవు, వద్దని అత్తయ్య కేకేసినా ఆగలేదు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు.

"ఎక్కడికెళ్లారు మావయ్యా?"

"ఆసుపత్రికి. మాస్టారికి చెప్పి వచ్చాను, ఎవరి వల్ల పడ్డాడో."

"తిట్టారా?"

"తిట్టాడు. తిట్టాక టీ ఇప్పించాడు."

ఆ రోజు నుంచి కారు తలుపు మధ్యాహ్నం తెరుచుకోలేదు. మీటరులో అంకె ఉన్నచోటే ఉంది. మేస్త్రి చూసి సంతోషించాడు. "బ్యాటరీ కోలుకుంది. ఎవరి అలవాటో మానినట్టున్నారు" అన్నాడు. ఇంట్లో మాత్రం తపాలా బరువెక్కింది. టీ ఇచ్చానని చెప్పు. తాగానని చెప్పు. అత్తయ్య మధ్యాహ్నం మూడున్నరకు ఫ్లాస్కు కడిగి, దాంట్లో ఏమీ పోయకుండా బోర్లించేది. మావయ్య పొద్దున గేటు దగ్గరికి రావడం మానేశాడు. ముందు ఇంజనా, ముందు ఏసీనా చెప్పేవాళ్లు లేకపోతే సూదమ్మకు కారు తీయబుద్ధి కాలేదు.

మూడు వారాలు చూసింది. ఒక ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తున్న అత్తయ్య పక్కన నిలబడి క్లిప్పులు అందిస్తూ అడిగింది.

"అత్తయ్యా, కారులోనే ఎందుకు?"

అత్తయ్య దుప్పటి దులిపి, అంచులు సరిచేసి చెప్పింది. "ఆయనకు ఎడమ చెవి వినపడదే. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే, చెవి కిందే ఉండేది. ముప్ఫై ఏళ్లు ఆ రొద. అసలు ఆ చెవి ఎప్పుడో పోయింది, కుడిది సగం ఉంది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. డ్రైవరుకు చెవుడంటే నవ్వుతారట."

"మరి చెవి మిషను పెట్టుకోవచ్చుగా?"

"పెట్టించాను, నీకు తెలియకుండా. రెండు రోజులు పెట్టుకున్నాడు. ఫ్యాను, కుక్కరు, టీవీ, వీధిలో హారన్లు, అన్నీ ఒక్కసారి చెవిలో దూరుతున్నాయని పెట్టెలో పెట్టేశాడు." అత్తయ్య బకెట్లోంచి ఇంకో దుప్పటి తీసింది. "ఇంట్లో ఏం చెప్పాలన్నా అరవాలి. అరిస్తే మంచిమాట కూడా తిట్టులా ఉంటుంది. 'టీ తాగుతారా' అని అరిచి చూడు, ఎలా ఉంటుందో. ఆయనకు నా మాట వినపడదు, కోపం ఒక్కటే వినపడుతుంది. నాకూ విసుగొచ్చి మానేశాను."

"కారులో?"

"కారులో నిశ్శబ్దం. పోయిన ఎండాకాలం మొదట్లో ఆయన దాంట్లో ఏదో సర్దుతుంటే పిలవడానికి వెళ్లాను. వేడిగా ఉందని తలుపేసి గాలి పెట్టాడు. నేను మామూలుగానే ఏదో అన్నాను. జవాబు చెప్పాడు. నా మామూలు గొంతుకు జవాబు రావడం ఎన్నేళ్లకో." ఆమె క్లిప్పు పెట్టి దాన్నే చూస్తూ నిలబడింది. "అద్దాలు ఎక్కించకపోతే వినపడదు. ఎక్కిస్తే గాలి లేకుండా కూర్చోలేం. ఆయన కుడి చెవి నా వైపు ఉండాలంటే ఆయన ఎడమ పక్క కూర్చోవాలి. అందుకని నేను డ్రైవరు సీట్లో."

"ఇంజను వేసుకుంటే బ్యాటరీ పోయేది కాదుగా అత్తయ్యా."

"అదే అన్నాను. లైసెన్సు లేనివాడు ఇంజను ముట్టుకోకూడదట. తాళం సగం తిప్పితే తప్పు కాదట. ఆయన న్యాయం ఆయనది. రేపు పొద్దున నువ్వు తిరుగుతావు కదా, నిండుతుందిలే అనుకున్నాడు."

సూదమ్మకు అప్పుడు లెక్క తేలింది. ఆయన నిండుతుందనుకున్నాడు. ఆమె సందుకోసారి ఆపుతూ నింపలేదు. తప్పు సగం సగం.

"అంతంతసేపు ఏం మాట్లాడుకునేవారు?" అని అడిగి, అడక్కూడదేమో అనుకుంది. అత్తయ్య ఏమీ అనుకోలేదు.

"ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లో జరిగినవి. మీ ఆయనకు కామెర్లు వచ్చి పదిహేను రోజులు మంచాన ఉన్నాడు, అప్పుడు నేనెలా పడ్డానో ఆయనకు తెలీదు. అన్నీ వరసగా చెబుతున్నాను. ఇంకా వాడి ఏడో తరగతి దగ్గరే ఉన్నాం."

ఆ సాయంత్రం ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్లి, బ్యాటరీ బాగుండాలంటే ఇంకేం చేయాలని అడిగింది. వారానికి ఒకసారైనా గంటసేపు ఆగకుండా రోడ్డు మీద నడపాలి, అదే దానికి అసలైన భోజనం అన్నాడాయన. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి, మావయ్య కుడిచెవి పక్కన కూర్చుని, తొందరపడకుండా చెప్పింది.

"బ్యాటరీ కోసం ఆదివారం గంటసేపు నడపాలట మావయ్యా. ఒక్కదాన్నే అంత దూరం వెళ్లలేను. మీరు వస్తే గేర్లు సరిగ్గా వేస్తున్నానో లేదో చూస్తారు. అత్తయ్య ఒక్కతే ఇంట్లో ఏం చేస్తుంది, ఆమె కూడా వస్తుంది."

ఆయన అనుమానంగా చూశాడు. ఆమె ఎత్తు ఆయనకు అర్థంకాకుండా ఉండదు. అయినా, "ఎన్నింటికి?" అన్నాడు.

మొదటి ఆదివారం వెనక సీట్లో ఇద్దరూ బొమ్మల్లా కూర్చున్నారు. ఊరు దాటి కాలువ గట్టు మీది రోడ్డెక్కాక సూదమ్మ ఒక చెట్టు నీడలో కారు ఆపింది. "కాళ్లు పట్టేశాయి. కాసేపు నడిచొస్తాను. ఇంజను వేసే ఉంచుతున్నాను, ఏసీ ఉంది."

"ఆగి ఉన్న బండిలో ఇంజను వేసి ఉంచడం..." అని మావయ్య మొదలుపెట్టాడు.

"వేసింది నేను. లైసెన్సు నాది" అని తలుపు మూసేసింది.

గట్టు వెంట అరగంట నడిచింది. తిరిగొచ్చేసరికి అత్తయ్య ముందు సీట్లోకి, స్టీరింగు దగ్గరికి మారింది. మావయ్య ఆమె ఎడమ పక్కన ఉన్నాడు. కోడలు కనపడగానే ఇద్దరూ ఒక్కసారి మాట ఆపేశారు, పాఠం మధ్యలో టీచరు వచ్చినట్టు. పొద్దుటి ఆ బిగుతు మాత్రం మళ్లీ రాలేదు.

అలా ఐదు ఆదివారాలు. ఆరో ఆదివారం ఆమె నడక ముగించి వచ్చేసరికి కారు పెట్టినచోట లేదు.

చూస్తే ఇరవై అడుగుల ముందు, కాస్త వంకరగా, రోడ్డు మధ్యలో ఉంది. పరుగెత్తి తలుపు తీసింది. అత్తయ్య రెండు చేతులతో స్టీరింగును పీకబోతున్నట్టు పట్టుకుని కూర్చుంది. మావయ్య మొహం పాలిపోయి ఉంది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు" అంది అత్తయ్య. "కాళ్ల దగ్గర ఆ మూడు పెడళ్లూ ఎందుకని అడిగాను. ఆయన చెప్పాడు. చెప్పింది తొక్కాను."

"గేరు వేయించి, క్లచ్చు మెల్లగా వదలమన్నాను" అన్నాడు మావయ్య. "వదిలింది. బండి కదిలింది. నేను ఆపమనేలోపు ఆపేసింది కూడా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "లైసెన్సు లేకుండా నడపడం నేరం. అది వేరే సంగతి. కానీ కుదుపు లేకుండా ఆపిందమ్మాయ్. మొదటిసారి ఎవరూ అలా ఆపరు."

అరవై ఒక్క ఏళ్ల మనిషి, ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రైవరు భార్యగా ఉన్న మనిషి, ఆయన నడిపిన బండిలో ఒక్కసారి కూడా ముందు సీట్లో కూర్చోలేదు. ఇప్పుడు నేర్చుకుంటానంది. కొడుకు ఫోనులో విని రెండు నిమిషాలు నవ్వాడు. నవ్వి, "నిజంగానా?" అని అడిగాడు. తర్వాతి సెలవుకు వచ్చి నేర్చుకునేవాళ్ల లైసెన్సుకు కాగితాలు తనే నింపాడు.

నేర్పింది మావయ్యే. చట్టం ప్రకారం లైసెన్సున్నవాళ్లు పక్కన ఉండాలి గానీ, ఎడమ పక్కన కూర్చోకపోతే మావయ్యకు ఆమె అడిగేది వినపడదు. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. ఊరి చివరి బియ్యం మిల్లు యజమానిని అడిగి, గోడ కట్టిన అతని ఖాళీ స్థలంలోనే నేర్పాడు. రోడ్డెక్కే రోజున మాత్రం కోడలు ముందుకు వచ్చేది, ఆయన వెనక్కి పోయి నోరు మూసుకుని కూర్చునేవాడు. అది ఆయనకు బస్సు నడపడం కంటే కష్టమైన పని.

ఖాళీ స్థలంలో అత్తయ్య గంటకు పదిహేనుసార్లు ఇంజను ఆపేసేది. పదిహేనుసార్లూ సెల్ఫ్ కొట్టాలి. అద్దాలు ఎక్కించే ఉండాలి కాబట్టి ఏసీ ఆపడానికి లేదు. సంగతి విని మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "నడిపే అలవాటు మారిందన్నారు. ఇదేం అలవాటమ్మా?" అన్నాడు. పాఠం అయ్యాక తప్పకుండా గంటసేపు రోడ్డు మీద నడపమని చెప్పాడు. అలాగే చేశారు. పొద్దుటి తిరుగుడులో కూడా సూదమ్మ పద్ధతి మార్చింది. దగ్గరున్న నాలుగిళ్లకు కలిపి ఒకేచోట కారు పెట్టి నడిచి వెళ్తోంది. మొదటి ఇల్లెప్పుడూ మాస్టారిదే. ఆలస్యమయ్యేలా ఉంటే ఫోను చేసి, ఆగొద్దు, తినేయమని చెబుతుంది. నుదుటి మీద గీత అలాగే ఉండిపోయింది. ఆయన దాన్ని తడుముకుంటూ "మీ మావయ్య సంతకం" అంటాడు. ఆమెకు ఇప్పటికీ ఆ మాటకు నవ్వు రాదు.

అత్తయ్య మొదటిసారి పరీక్ష తప్పింది. వెనక్కి నడిపేటప్పుడు గుంజను ముద్దుపెట్టుకుంది. రెండో పరీక్షకు మావయ్య రాలేనన్నాడు. వచ్చి దూరంగా సైకిళ్ల స్టాండు వెనక నిలబడ్డాడు. ఆయన కళ్లకు అంత దూరం ఆనదని అందరికీ తెలుసు. పక్కనున్న ఎవరినో అడిగి ఒక్కొక్క మలుపూ చెప్పించుకున్నాడట.

లైసెన్సు చేతికొచ్చిన తర్వాతి ఆదివారం అత్తయ్యే తాళం తీసుకుంది. ముందు ఇంజను వేసింది. నిమిషం ఆగి ఏసీ వేసింది. మావయ్య ఎడమ పక్కన కూర్చున్నాడు. సూదమ్మ వెనక సీట్లో ఐసుపెట్టె పక్కకు జరిపి చోటు చేసుకుంది. ఊరు దాటే దాకా అత్తయ్య ఒక్క మాట మాట్లాడలేదు, మావయ్యా మాట్లాడలేదు. కాలువ రోడ్డెక్కాక బండి ఒక తీరుగా సాగింది.

"ఎక్కడున్నాం మనం?" అన్నాడు మావయ్య.

"కాలువ గట్టెక్కాం."

"రోడ్డు కాదే. కథ."

"ఓహ్. వాడి పదో తరగతి. లెక్కల్లో తప్పాడు, మీకు చెప్పలేదు."

"తప్పాడా?"

"ముప్ఫై ఒకటి వచ్చింది. చెబుతాను, ముందు ఈ లారీని పోనివ్వండి."

ఆమె వేగం తగ్గించింది. లారీ దాటిపోయింది. సూదమ్మ వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. భర్త లెక్కల్లో తప్పాడన్న సంగతి ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. పూర్తిగా విందామనుకుంది గానీ, పద్దెనిమిదేళ్లుగా ఐదుకే లేచే ఒళ్లు, వేరొకరు నడుపుతున్న బండిలో కూర్చోగానే మాట వినలేదు. ఆ తర్వాత ఏం చెప్పుకున్నారో ఆమెకు తెలీదు, నిద్రపోయింది.